పొదలు నాటిన వేటగాడు

తుపాకి పట్టినవాడు పక్షుల్ని కాపాడతాడా? ఎవరైనా ఈ మాట అంటే మనం నవ్వి ఊరుకుంటాం. వేటగాడికి పిట్ట మీద ప్రేమంటే పిల్లికి ఎలుక మీద ప్రేమ లాంటిదే కదా అనుకుంటాం. కాని అమెరికాలో ఒకాయన జీవితమంతా వేటాడాడు. ఆ వేట కోసమే రైతుల పొలాల్లో పొదలు నాటించాడు, కంచెల వార గడ్డి కొయ్యవద్దని బతిమాలాడు, మంచు కురిసే రోజుల్లో పిట్టలకు మొక్కజొన్న పెట్టించాడు. ఆ పనే చివరకు ఆయన్ని వేట దాటి చాలా దూరం తీసుకుపోయింది. ఆయన పేరు ఆల్డో లియోపోల్డ్. ఈనాడు పర్యావరణం గురించి మాట్లాడేవాళ్ళు ఆయన్ని ఒక ఋషిలాగా తలుచుకుంటారు. ఆ ఋషి చేతిలో తుపాకి ఉండేదన్న సంగతీ, ఆయన చాలా పాఠాలు మామూలు రైతుల కమతాల్లో నేర్చుకున్నాడన్న సంగతీ మరుగున పడిపోయాయి. నేను చెప్పదలచుకున్నది ఎక్కువగా ఆ మరుగున పడిన భాగమే.

లియోపోల్డ్ 1887 జనవరి 11న అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. మిసిసిపి నది ఒడ్డున ఎత్తయిన గట్టు మీద వాళ్ళ ఇల్లు. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం కనుక ఇంట్లో జర్మన్ భాషే మాట్లాడేవారు. తండ్రి కార్ల్ లియోపోల్డ్ వాల్‌నట్ కర్రతో రాతబల్లలు చేయించి అమ్మే వ్యాపారస్తుడు. తల్లి క్లారా. నలుగురు పిల్లల్లో ఆల్డో పెద్దవాడు. గట్టు కింద నది, నది దాటితే చిత్తడి నేలలు, కాలం మారినప్పుడల్లా ఆకాశం నిండా బాతుల బారులు. పిల్లవాడికి బడిలో పాఠాల కంటె ఇవే బాగా వంటబట్టాయి.

తండ్రి గొప్ప వేటగాడు. ఆ రోజుల్లో వేటకు పెద్దగా చట్టాలు లేవు. ఎవరికి చేతనైనన్ని వాళ్ళు కొట్టుకోవచ్చు, బండ్లకెత్తి పట్నం బజారులో అమ్ముకోవచ్చు. అటువంటి కాలంలో కార్ల్ తనకు తానే కట్టుబాట్లు పెట్టుకున్నాడు. వసంతకాలంలో పక్షులు గూళ్ళు కట్టుకోవడానికి తిరిగొస్తున్నప్పుడు తుపాకి ముట్టకూడదని నిశ్చయించుకున్నాడు. ప్రభుత్వం అడగలేదు, పక్కవాడు మానలేదు, అయినా ఈయన మానేశాడు. కొడుక్కి మొదటి తుపాకి ఇచ్చినప్పుడు కూడా ఒక షరతు పెట్టాడు. కొమ్మ మీద కూర్చున్న పక్షిని కాల్చరాదు, ఎగిరే దానినే కొట్టాలి. కుర్రవాడి కుక్క పక్షిని తరిమి చెట్టెక్కించేది. అది ఎదురుగా కొమ్మ మీద కూర్చుని చూస్తుంటే ఈయన చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చేది. చివరికి ఒకనాడు ఎగిరే పక్షిని కొట్టగలిగాడు. ఆ సంఘటన ఆయన ముసలితనం దాకా మరచిపోలేదు. ఎవరూ చూడని అడవిలో తనను తాను పట్టి ఉంచుకోవడం అనే విద్య అక్కడ అబ్బింది. తరువాత రైతుల దగ్గర ఆయన వెతికింది సరిగ్గా దానినే. అది అంత సులువుగా దొరకలేదు లెండి. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

యేల్ విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్రం చదివి 1909లో పట్టా పుచ్చుకుని, అదే ఏడు అటవీ శాఖలో చేరాడు. వేసింది అరిజోనాలో. అప్పటికింకా అది రాష్ట్రం కూడా కాదు. గుర్రం, తోలు బూట్లు, నడుముకి పిస్తోలు, వయసు ఇరవై రెండు! ఆ రోజుల్లో అందరిలాగే ఆయన కూడా తోడేలు కనిపిస్తే కాల్చాల్సిందే అనుకున్నాడు. తోడేళ్ళు తగ్గితే జింకలు పెరుగుతాయి, జింకలు పెరిగితే వేటగాళ్ళకు పండుగ. లెక్క సరిగానే ఉన్నట్టు కనబడింది. తోడేళ్ళను, కొండసింహాలను పూర్తిగా తుడిచిపెట్టాలని న్యూ మెక్సికోలో ఆయనే ప్రచారం చేశాడు. ఆ లెక్క తప్పని తెలియడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది.

1912లో న్యూ మెక్సికోలోని కార్సన్ జాతీయారణ్యానికి పెద్ద అధికారి అయ్యాడు. అదే ఏడు అక్టోబరులో శాంటాఫేలో ఎస్టెల్లా బెర్జేర్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది వేలకొద్దీ గొర్రెలున్న పాతకాలపు స్పానిష్ కుటుంబం. (ఈమె తరువాత విస్కాన్సిన్‌లో విలువిద్యలో ఛాంపియన్ అయింది. భర్త విల్లు చెక్కేవాడు, భార్య గురి కొట్టేది!) పెళ్ళయిన ఆరు నెలలకే, 1913 ఏప్రిల్‌లో, అడవిలో తిరుగుతూ వడగళ్ళ వానలో చిక్కుకుని తడి పక్క మీద పడుకున్నాడు. కాళ్ళు వాచాయి. మూత్రపిండాల జబ్బు ముదిరి చావు అంచు దాకా వెళ్ళాడు. దాదాపు ఏడాదిన్నర మంచానికీ కుర్చీకీ అంటిపెట్టుకుని ఉండవలసి వచ్చింది. గుర్రమెక్కి అడవులు తిరిగే ఉద్యోగం ఇక కుదరదన్నారు. బర్లింగ్టన్ ఇంటి వరండాలో కూర్చుని నదిని చూస్తూ, చదువుకుంటూ గడిపిన ఆ రోజుల్లోనే వేటపక్షులు, జంతువుల సంరక్షణ వైపు మనసు మళ్ళింది. 1915 నుంచి న్యూ మెక్సికోలో వేటగాళ్ళ సంఘాలను కూడగట్టాడు. 1924లో ఆయన ప్రోద్బలం మీదనే గీలా ప్రాంతంలో ఏడున్నర లక్షల ఎకరాల అడవిని రోడ్లు వేయకుండా వదిలేయాలని అటవీ శాఖ నిర్ణయించింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. ఆ ఏడే విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరానికి బదిలీ అయ్యాడు. అక్కడ కొయ్యను పరీక్షించే ప్రయోగశాలలో పని. చెట్టు బతికుండగా చూడాలనుకునేవాడికి దుంగల మధ్య ఉద్యోగం! నాలుగేళ్ళు ఓర్చుకుని 1928లో వదిలేశాడు.

ఇక్కడి నుంచి అసలు కథ.

తుపాకులు, తూటాలు తయారుచేసే కంపెనీల సంఘం ఒకటి ఆయన్ని పిలిచి, దేశంలో వేటపక్షుల పరిస్థితి ఎలా ఉందో తిరిగి చూసి చెప్పమంది. వాళ్ళ బాధ మనకు అర్థమవుతూనే ఉంది. పిట్ట లేకపోతే తూటా కొనేవాడెవడు? సొమ్ము వాళ్ళదైనా కంటితో చూసింది చూసినట్టే రాశాడు. మూడేళ్ళపాటు ఉత్తర మధ్య రాష్ట్రాలన్నీ తిరిగాడు. అయోవా, మిన్నెసోటా, మిషిగన్, ఇల్లినాయ్, ఇండియానా, ఒహాయో, మిస్సోరీ, విస్కాన్సిన్. అధికారుల గదుల్లో కూర్చోలేదు. రైతుల్ని, వేటగాళ్ళని, ఊళ్ళో పాతకాలపు మనుషుల్ని అడిగాడు. ఇక్కడ కౌజులు ఎప్పుడుండేవి, ఎప్పుడు పోయాయి, అప్పుడీ పొలంలో ఏముండేది, ఇప్పుడేముంది అంటూ. ఆ నివేదిక 1931లో అచ్చయింది.

ఆయన ఎక్కువగా వెతికిన పక్షి బాబ్‌వైట్. మన పూరేడు పిట్టలకూ కౌజులకూ దూరపు చుట్టం అనుకోండి. మగపిట్ట ఈలవేసినట్టు అరిచే అరుపే దాని పేరు. పిడికెడు పక్షి. చలికాలంలో పదీ పన్నెండూ గుంపుగా ఉంటాయి. రాత్రి నేల మీద గుండ్రంగా, తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి పెట్టి ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి. వెచ్చదనానికి వెచ్చదనం, ఏ దిక్కు నుంచి శత్రువు వచ్చినా ఎదురుగా ఒక కన్ను. ఏడాదిలో నూటికి డెబ్బై ఎనభై పిట్టలు ఏదో ఒక కారణంతో చనిపోతాయి. తల్లి డజనుకు పైగా గుడ్లు పెట్టి ఆ లోటు పూడుస్తుంది. వేటగాడు కొట్టినా కొట్టకపోయినా ఆ చావులు తప్పవు. కనుక వేట మానితే పిట్టలు పెరుగుతాయన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. మరి ఎందుకు తగ్గాయి?

జవాబు పొలంలోనే ఉంది. పాతకాలపు కమతంలో పొలానికీ పొలానికీ మధ్య వంకరటింకర కర్రల కంచెలుండేవి. వాటి మూలల్లోకి నాగలి పోదు, అందుకని పిచ్చిమొక్కలు, ముళ్ళపొదలు పెరిగేవి. కొన్నిచోట్ల బతికున్న చెట్లనే దట్టంగా కంచెగా పెంచేవారు. ఓ మూల చిన్న చిత్తడి, ఓ మూల కలప చెట్లు. ముళ్ళతీగ వచ్చింది, కర్ర కంచె పోయింది. మూలలు చదునయ్యాయి. చిత్తడి నీళ్ళు తీసేసి దున్నారు. చెట్లతోపులోకి ఆవుల్ని తోలారు, అవి కింద ఉన్న పొదల్ని నమిలేశాయి. రైతు దృష్టిలో పొలం శుభ్రపడింది. పిట్ట దృష్టిలో ఇల్లు కాలిపోయింది.

బాబ్‌వైట్ పుట్టిన చోటి నుంచి ఎక్కువ దూరం పోదు. గూడు పెట్టుకోవడానికి గడ్డి కావాలి. తినడానికి చేను, చేనులో రాలిన గింజ, కలుపు విత్తనం కావాలి. డేగ వస్తే దూరడానికి ముళ్ళపొద కావాలి. మంచు తుఫానుకు చెట్ల చాటు కావాలి. పిల్లలు పుట్టిన కొత్తలో పురుగులు కావాలి. ఇవన్నీ నడిచిపోయే దూరంలో ఉండాలి. లియోపోల్డ్ దీనిని ఒక బొమ్మ వేసి చూపించాడు. ఒకచోట గడ్డంతా, ఒకచోట చేనంతా, ఒకచోట పొదంతా, ఒకచోట అడవంతా నాలుగు పెద్ద చెక్కలుగా ఉంటే ఆ నాలుగూ కలిసే మూల ఒకటే. అక్కడ ఒక్క గుంపే బతుకుతుంది. అదే భూమిలో అవే నాలుగూ చిన్న చిన్న ముక్కలుగా కలగలిపి ఉంటే మూలలు అనేకం, గుంపులూ అనేకం. ఎకరం పెరగలేదు, మేత పెరగలేదు, పెరిగినవల్లా అంచులు. పక్షిశాస్త్రం చదవని రైతుకి కూడా ఇది ఒక్క నిమిషంలో బోధపడుతుంది. నా మటుకు ఆయన కనిపెట్టిన వాటన్నిటిలో గొప్పది ఇదే అనిపిస్తుంది.

బోధపడటం వేరు, చెయ్యటం వేరు. అమెరికా చట్టం ప్రకారం అడవి పక్షి ఎవరి సొత్తూ కాదు, ప్రజలందరి తరఫున రాష్ట్రానిది. అది బతికే భూమి మాత్రం రైతుది. రైతు తన మూల దున్నకుండా వదిలి పొద పెంచితే, ఆదివారం పట్నం నుంచి కారేసుకొచ్చినవాడు కంచె దూకి, ఆవు భయపడేట్టు తుపాకి పేల్చి, పిట్టను సంచిలో వేసుకుపోతాడు. రైతుకి మిగిలేది తొక్కిన చేను. ఇక ఎందుకు పెంచుతాడు? 1930లో దేశానికి వేట విధానం తయారుచేసే సంఘానికి లియోపోల్డ్ అధ్యక్షుడు. పొలంలో పక్షిని పెంచేవాడు రైతే కనుక రైతుకి ప్రతిఫలం ముట్టాలి, అతనూ వేటగాడూ శాస్త్రవేత్తా కలిసి కూర్చోవాలి అని ఆ విధానం చెప్పింది. చాలామంది మండిపడ్డారు. యూరపులో లాగా వేట డబ్బున్నవాళ్ళ సొంతమైపోతుందన్నారు. ఆ భయం పూర్తిగా ఉత్తదేం కాదు. కాని వాళ్ళు చూపిన మార్గం ఏమిటి? ప్రభుత్వం కోళ్ళఫారంలో లాగా ఫెజంట్ పక్షుల్ని పెంచి, వేట మొదలయ్యే ముందు పొలాల్లో వదలాలి. లియోపోల్డ్‌కి ఇది ఏ మాత్రం నచ్చలేదు. చాటు లేని పొలంలో వదిలిన పక్షి వేటగాడికో, నక్కకో, మంచుకో బలి. మళ్ళీ ఏడు మళ్ళీ కొనాలి.

1931లో మాడిసన్‌కి కొద్ది దూరంలోని రైలీ అనే పల్లెలో, తిరిగి తిరిగి దాహమై ఒక రైతు ఇంట మంచినీళ్ళకు ఆగాడు. పాల్సన్ అనే ఆ రైతు మాటల్లో తన గోడు వెళ్ళబోసుకున్నాడు. వేటగాళ్ళు చెప్పాపెట్టకుండా పొలాల్లో పడుతున్నారు, పక్షులా చూద్దామన్నా లేవు అని. ఇద్దరి సమస్యా ఒకటే అని తెలిసింది. అక్కడ పుట్టింది రైలీ వేట సహకార సంఘం. క్రమంగా అందులో పదకొండు రైతు కుటుంబాలు, పట్నం నుంచి అయిదు కుటుంబాలు చేరాయి. ఏర్పాటు తేలికైనదే. రైతులు భూమి ఇస్తారు, ఎవరు వచ్చిపోతున్నారో కనిపెట్టి ఉంటారు, చలికాలంలో మేత వేస్తారు. పట్నం వాళ్ళు చందా ఇస్తారు. ఆ డబ్బుతో గింజలు, మొక్కలు, కంచె తీగ. సెలవు రోజున పట్నం వాళ్ళు కూడా పార పట్టుకుని రావాలి. అనుమతి లేకుండా ఎవరూ వేటాడకూడదు.

లియోపోల్డ్ ప్రొఫెసరు కాకముందు నుంచీ, అయిన తరువాత కూడా, తన పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళేవాడు. చిత్తడి మూలలకు ఆవులు పోకుండా కంచె వేశారు. గాలి వీచే వైపు దేవదారు జాతి మొక్కలు, పళ్ళు కాసే పొదలు నాటారు. మొక్కజొన్న కోతల తరువాత కొన్ని కట్టలు పొద పక్కనే నిలబెట్టి ఉంచారు. మంచు పడ్డాక అదే భోజనశాల. ఫెజంట్ పిల్లల్ని కూడా తెచ్చి పెంచారు. గాలిలోకి పిట్టను వదిలేసి చేతులు దులుపుకోవడం కాక, దానికి ముందు ఇల్లు కట్టి తరువాత వదిలారు కనుక నిలదొక్కుకున్నాయి. ఆ సంఘం ఆయన ఉన్నంతకాలం నడిచింది. చుట్టుపక్కల మొదలైన ఇటువంటి సంఘాలు చాలా మట్టుకు రెండు మూడేళ్ళలో ఆరిపోయాయి. రైలీ ఎందుకు నిలిచిందంటే, నాకు తోచినంతలో, అక్కడ రైతుకి ముట్టిన డబ్బు వల్ల కాదు. అది చాలా కొద్ది. పాల్సన్ పొలంలోకి లియోపోల్డ్ యజమాని లాగా రాలేదు, అతిథి లాగా వచ్చాడు. దాంతో ఊళ్ళో పిట్టల లెక్క అందరి మాట అయింది.

అదే కాలంలో ఆయన ఆధ్వర్యంలో పాల్ ఎరింగ్టన్ అనే యువకుడు ప్రెయిరీ డు సాక్ దగ్గర చలికాలమంతా మంచులో నడుస్తూ బాబ్‌వైట్ గుంపుల్ని ఒక్కొక్క పిట్టనూ లెక్కపెట్టాడు. చిన్నప్పుడు పోలియో వచ్చిన మనిషి! ఏ రోజు ఎన్ని ఉన్నాయి, ఎన్ని చచ్చాయి, డేగ తిన్నదా, గుడ్లగూబ తిన్నదా, ఆకలికి పోయిందా? ఆయనకి దొరికిన జవాబు అందర్నీ ఆశ్చర్యపరచింది. ఒక పొలంలో చాటూ మేతా ఎన్ని పిట్టలకు సరిపోతాయో అన్నే వసంతానికి మిగులుతాయి. అంతకు మించినవాటిని డేగో, నక్కో, చలో తీసుకుపోతుంది. డేగల్ని చంపినా లాభం లేదు, మిగులు మరో దారిన పోతుంది. పిట్టలు కావాలంటే తుపాకి డేగ మీద కాదు ఎత్తవలసింది, పార భూమి మీద ఎత్తాలి. తోడేళ్ళను చంపించిన లియోపోల్డ్‌కి ఈ కుర్రవాడి లెక్కలు గట్టి దెబ్బే అయి ఉండాలి.

ఇంతలో దేశమంతా ఆర్థిక మాంద్యం. తుపాకి కంపెనీల డబ్బు ఆగిపోయింది. అయిదుగురు పిల్లలు, ఉద్యోగం లేదు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని తన ముఖ్య గ్రంథం గేమ్ మేనేజ్‌మెంట్ పూర్తిచేశాడు. 1933లో అది వెలువడింది. అడవి పక్షిని పంటలాగా చూడవచ్చు, గొడ్డలి, నాగలి, ఆవు, నిప్పు, తుపాకి ఇవే దానిని నాశనం చేశాయి, తెలిసి వాడితే ఇవే తిరిగి తెస్తాయి అన్నది ఆ పుస్తకం సారాంశం. అప్పటిదాకా వేట అంటే చట్టం, జరిమానా, గేటు కాపలా. ఈయన దానిని ఒక శాస్త్రంగా కూర్చోబెట్టాడు. ఆ ఏడే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆయన్ని ప్రొఫెసరుగా పిలిచింది. అమెరికాలో ఆ విషయానికి అదే మొదటి పీఠం. ఏటా 8000 డాలర్ల చొప్పున అయిదేళ్ళకు ఒక నిధి ఇచ్చారు. శాఖ ఏదో తెలుసా? వ్యవసాయ ఆర్థికశాస్త్రం! పిట్టల ప్రొఫెసరు ధాన్యం ధరల ప్రొఫెసర్ల మధ్య కూర్చున్నాడు. కాని అక్కడే కూర్చోవలసింది కూడా.

ఉపాధ్యాయుడుగా ఆయన తీరు మన కాలేజీల వాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి. రేడియోలో రైతులకు ప్రసంగాలిచ్చేవాడు. వ్యవసాయ పత్రికలో పొలం మూల ఏం నాటాలో, ఏ పొద కొట్టవద్దో చిన్న చిన్న వ్యాసాలు రాసేవాడు. పల్లె కుర్రాళ్ళకు చలికాలం పాఠాలు చెప్పేవాడు. పరిశోధక విద్యార్థుల్ని నెలల తరబడి పొలాల్లో ఉంచేవాడు. వాళ్ళలో ఫ్రాన్సెస్ హామర్‌స్ట్రామ్ అనే ఆమె భర్తతో కలిసి ప్రెయిరీ కోళ్ళను కాపాడే పనిలో జీవితం గడిపింది. ఆయన దగ్గర పై పట్టా పుచ్చుకున్న ఏకైక మహిళ ఆమే.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. 1933లో విస్కాన్సిన్‌లోని కూన్ వ్యాలీలో కొట్టుకుపోతున్న నేలల్ని నిలపడానికి ప్రభుత్వం పెద్ద ప్రయత్నం మొదలుపెట్టింది. లియోపోల్డ్ సలహాదారు, ఆయన కొడుకులిద్దరు అక్కడే పనిచేశారు. వాలుకు అడ్డంగా పట్టీలు పట్టీలుగా సాగు, గండ్లకు కంచె, కొండవాలున చెట్లు, పొదలు. రైతులకు కూలీలు, విత్తనం, సామాను ఉచితం. ఒప్పందం అయిదేళ్ళు. గడువు తీరాక చూస్తే ఏమైంది? వెంటనే డబ్బు వచ్చేవి మాత్రం చాలామంది కొనసాగించారు, ఊరందరికీ మేలు చేసేవి, తమకు లాభం కనిపించనివి వదిలేశారు. సరే, రైతులే నియమాలు రాసుకుంటే పాటిస్తారేమోనని 1937లో రాష్ట్రం చట్టం చేసింది. పదేళ్ళు గడిచినా ఒక్క జిల్లా కూడా నియమం రాయలేదు.

రైతుని ఇందులో తప్పుపట్టడం తేలిక. అప్పు, ధర, పాలవాడి బాకీ ఆయన మెడ మీద ఉన్నాయి. లియోపోల్డ్ కూడా తిట్టలేదు. తన లెక్కనే తిరిగి చూసుకున్నాడు. 1930లో ప్రతిఫలం ఇస్తే చాలన్నవాడు తానే. ప్రతిఫలం ఆగిన రోజున పొద కూడా ఆగింది. భూమి మనిషి సొత్తు కాదు, మట్టీ నీరూ చెట్టూ పిట్టా కలిసిన ఒక సంఘం, మనిషి అందులో ఒక సభ్యుడు, సభ్యుడికి బాధ్యతలుంటాయి అనే ఆయన ప్రసిద్ధ వాదన ఈ ఓటమిలోంచి వచ్చింది. చాలామంది అది ఏదో ఆశ్రమంలో ధ్యానం చేస్తే తట్టిందనుకుంటారు. కాదు. మొక్కజొన్న కట్టలు, కంచె తీగలు, గడువు తీరిన ఒప్పందాలు, వీటిలోంచి వచ్చింది.

1935లో తనే భూమి కొన్నాడు. విస్కాన్సిన్ నది ఒడ్డున, బారబూ దగ్గర, పంటలు పండక పాడుబడిన ఎనభై ఎకరాల ఇసుక నేల. ఎకరం ఎనిమిది డాలర్లు! ఉన్న ఇల్లు అంతకు ముందే కాలిపోయింది, మిగిలింది ఒక కోళ్ళ గూడు. పెంట ఎత్తిపోసి, పొయ్యి కట్టి, బల్లలు వేసి, కుటుంబమంతా ప్రతి శని ఆదివారాలూ అక్కడే. వేట కోసమనే మొదలైంది. కాని వసంతం రాగానే పారలు పైకి తేలాయి. మొదటి రెండు మూడేళ్ళు కరువు, నాటిన పైన్ మొక్కలు దాదాపు అన్నీ ఎండిపోయాయి. మళ్ళీ నాటారు. ఏటా వేలకొద్దీ నాటారు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి కాఫీ కూజా పెట్టుకుని బల్ల మీద కూర్చుని, ఏ పిట్ట ఎంత వెలుతురులో మొదట కూసిందో యంత్రంతో కొలిచి రాసుకునేవాడు. ఏ పువ్వు ఏ తేదీన పూసింది, ఏ బాతు ఏ రోజున వచ్చింది, అన్నీ పుస్తకంలో ఎక్కేవి. వేట మానలేదు. ఆకురాలు కాలంలో కుక్కతో బయలుదేరేవాడు. కాని సంచి బరువు చూసే రోజులు పోయాయి.

1943 నుంచి రాష్ట్ర సంరక్షణ కమిషన్‌లో సభ్యుడు. అప్పుడు విస్కాన్సిన్ అడవుల్లో తోడేళ్ళు దాదాపు అయిపోయి జింకలు మితిమీరాయి, లేత చెట్లన్నీ కొరికేసి చలికాలంలో ఆకలికి చస్తున్నాయి. ఆడ జింకల్ని కూడా కొట్టనివ్వాలని ఆయన పట్టుబట్టాడు. వేటగాళ్ళే, ఎవరి కోసం ఇన్నేళ్ళు శ్రమించాడో వాళ్ళే, ఆయన్ని పత్రికల్లో దుమ్మెత్తిపోశారు. 1944లో, చిన్నతనంలో అరిజోనాలో తాను కాల్చిన ముసలి తోడేలు కళ్ళను తలుచుకుంటూ ఒక చిన్న వ్యాసం రాశాడు. తోడేలు లేని కొండకు జింక ఎంత భయంకరమో అందులో చెప్పాడు. పూర్వం తాను చేసిన ప్రచారాన్ని తానే కొట్టివేసుకున్నాడన్నమాట.

ఆయన వ్యాసాల పుస్తకాన్ని ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపారు. 1948 ఏప్రిల్ 14న ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళు వేసుకుంటామని టెలిఫోను చేశారు. వారం తరువాత, 21వ తేదీ ఉదయం, కోళ్ళగూడు దగ్గర ఉండగా పక్క కమతంలో పొగ లేచింది. చెత్తకు పెట్టిన నిప్పు ఎండుగడ్డికి అంటుకుని పైన్ తోట వైపు వస్తోంది. భార్యనూ చిన్న కూతురినీ చెరో వైపు పంపి, నీటి పంపు భుజానికెత్తుకుని తాను పోయాడు. అక్కడే గుండె ఆగిపోయింది. మంట ఆయన మీదుగా మెల్లగా పోయింది. జేబులో రాత పుస్తకం ఉంది. వయసు 61.

కొడుకు లూనా రాతప్రతిని సరిచూసి 1949లో అచ్చువేయించాడు. పేరు శాండ్ కౌంటీ ఆల్మనాక్, అంటే ఇసుక జిల్లా పంచాంగం అనుకోవచ్చు. మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1960ల చివర చవక ప్రతులు వచ్చాక విద్యార్థులు ఎగబడ్డారు. ఇప్పటికి ఇరవై లక్షలకు మించి అమ్ముడైంది. అయిదుగురు పిల్లల్లో ముగ్గురు, స్టార్కర్, లూనా, ఎస్టెల్లా, అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యారు. ఇంకొక కూతురు నీనా తండ్రి రాసుకున్న పూల తేదీలకు తన తేదీలు కలిపి, 1999లో సహపరిశోధకులతో ఒక పత్రం ప్రచురించింది. విస్కాన్సిన్‌లో వసంతపు గుర్తుల్లో చాలా వాటికి ముందే తొందర వచ్చిందని అది చూపించింది.

పిట్టల మాటేమిటి? 1970లలో అమెరికా ప్రభుత్వమే కంచె నుంచి కంచె దాకా దున్నమని రైతుల్ని తొందరపెట్టింది. మిగిలిన మూలలు కూడా పోయాయి. 1985 వ్యవసాయ చట్టం కొట్టుకుపోయే నేలల్ని పదేళ్ళపాటు గడ్డికి వదిలితే రైతుకి అద్దె ఇస్తామంది. ఆ గడ్డిలోకి ఫెజంట్లు చాలాచోట్ల తిరిగొచ్చాయి. ధాన్యం ధర పెరిగి గడువు తీరినప్పుడల్లా ఆ గడ్డి చాలావరకు మళ్ళీ నాగలి కిందికి పోతూ వచ్చింది. బాబ్‌వైట్ మాత్రం 1960ల నుంచి ఏటికేడు తగ్గుతూనే వచ్చింది. దాని ఈల వినాలంటే ఒకప్పటి దాని సొంత జిల్లాల్లోనే వెతుక్కోవలసి వస్తోంది.

(మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తరువాత వేట దాదాపు మూసుకుపోయింది గనుక తుపాకి సంగతి మనకు పనికిరాదు. గట్టు మీది తుప్ప సంగతి వేరు.)

ఇసుక నేలలో ఆ కుటుంబం నాటిన పైన్ చెట్లు డెబ్బై ఏళ్ళలో ఒకదాన్నొకటి తోసుకునేంత దట్టమయ్యాయి. కొన్నింటిని తీసి, ఆ కలపతోనే 2007లో ఆయన పేర ఒక కేంద్రం కట్టారు. కోళ్ళగూడు ఇంకా అక్కడే ఉంది.